ఎసట్లో పోయకముందు

మే నెలలో జరగబోయే యౌవనస్థుల కూడికలో ఒక గంట మాట్లాడమని మా సంఘం యూత్ సెక్రటరీ ఇంటికొచ్చి అడిగింది. ఇరవై రెండేళ్ల పిల్ల, నర్సింగ్ చదువుతోంది. "అంశం మేమే అనుకున్నాం అంకుల్. యౌవనాన్ని సద్వినియోగం చేసుకోవడం. మీరైతే సాక్ష్యంలాగా చెప్తారు" అంది. ఫ్లెక్సీ మీద వేయడానికి ఫొటో కావాలంది. సరేనన్నాను.

ఆమె వెళ్లాక పాత బైబిలు తీశాను. ప్రసంగి గ్రంథం దగ్గర ఒక అట్టముక్క దొరికింది. 1985 మే నెలలో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఒక క్యాంపు చివరి రాత్రి నేను సంతకం పెట్టిన తీర్మాన కార్డు. యౌవనాన్ని ప్రభువుకు సమర్పిస్తున్నానని అచ్చువేసిన మాట కింద నా పేరు, ఊరు, తేదీ. నీలం సిరా కాస్త పాకింది. నలభై ఏళ్లు ఆ కార్డు పోకుండా దాచాను. దాచడం ఒక్కటే చేశాను.

ఇలాంటి కూడికల్లో నేను మాట్లాడటం కొత్త కాదు. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం సంఘాల్లో చాలాసార్లు సాక్ష్యం చెప్పాను. ఖమ్మంలో డిగ్రీ చదివిన మూడేళ్లూ సినిమా హాలు గుమ్మం తొక్కలేదని చెప్పాను. కల్లు ముట్టలేదని, మా అడవి పల్లెల పెళ్లిళ్లలో ఇప్పసారా చేతికందినా తాగలేదని చెప్పాను. ఆదివారం ఈత కొట్టడం పాపమని పెద్దలంటే, ప్రాణంతో సమానమైన గోదావరి ఈతను కూడా ఆ రోజు మానుకున్నానని చెప్పాను. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. విన్నవాళ్లు ఆమెన్ అన్నారు. నేను చెప్పనిది మాత్రం ఇంకొకటి ఉంది. దాన్ని ఈసారి చెప్పగలనో లేదో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా అమ్మ పుట్టిల్లు డోర్నకల్ దగ్గర. ఆ వైపు క్రైస్తవ ఇళ్లలో పిడికెడు బియ్యం తీసే అలవాటు ఉండేది. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే, బియ్యం కడగబోయే ముందు, ఒక పిడికెడు తీసి తలుపు మూలనున్న కుండలో వేసేవాళ్లు. ఆదివారం ఆ గింజలు గుడికి వెళ్లేవి. పెళ్లయి భద్రాచలం వచ్చినా అమ్మ అది మానలేదు. బియ్యం డబ్బా అడుగు కనబడుతున్న రోజుల్లో కూడా ఆమె చెయ్యి ముందు కుండవైపే వెళ్లేది. ఒకసారి నేను, "మనం తిన్నాక మిగిలితే ఇవ్వొచ్చు కదమ్మా" అన్నాను. "మిగిలింది కుక్కకైనా పెడతాం నాయనా. ఎసట్లో పోయకముందు తీసిందే ఇచ్చినట్టు" అంది. అప్పుడు నాకు పదేళ్లుంటాయి. ఆ మాట వయసుకు కూడా వర్తిస్తుందని తెలిసేసరికి నా బియ్యమంతా ఉడికిపోయింది.

ఆ అలవాటు బిషప్ అజరయ్య కాలంలో డోర్నకల్ అధ్యక్ష మండలంలో బలపడింది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి జిల్లాలో పుట్టిన తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు. ఇది మా సండే స్కూల్ పిల్లలందరికీ కంఠతా వచ్చు. ఆయన జీవితంలో నన్ను ఇప్పుడు కుదిపే సంగతి వేరే ఉంది. 1895లో, ఇరవై ఒక్కేళ్ల వయసులో, ఆయన వై.ఎం.సి.ఏ.లో చేరి ఊరూరా తిరిగి యువకులకు ప్రసంగాలు చేసే పనిలో ఉన్నాడు. 1902లో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లి, అక్కడి తమిళ క్రైస్తవులు తమ ఖర్చుతో తమవాళ్లనే సువార్త పనికి పంపడం చూశాడు. మరుసటి ఏడే తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టుకకు కారకుడయ్యాడు. అంతటితో ఆగినా గొప్పవాడే అయ్యుండేవాడు. కానీ ఎదుటివాళ్లను వెళ్లమని చెప్పి తాను వేదిక మీద ఉండిపోవడం ఆయనకు పడలేదు. 1909లో, ముప్పై ఐదేళ్ల వయసులో, ఆ సొసైటీ తరఫునే డోర్నకల్ వచ్చాడు. డేరాలో కాపురం పెట్టి, రాని భాష నేర్చుకుని, కూలి చేసుకు బతికే మాల మాదిగ పల్లెల మధ్య తిరిగాడు. 1945 జనవరి 1న అక్కడే కన్ను మూశాడు. అప్పటికి ఆ మండలంలో విశ్వాసులు రెండు లక్షలు దాటారు. మా అమ్మ తాతముత్తాతలు వాళ్లలో ఉన్నారు.

పద్నాలుగేళ్లు యువకులకు చెప్పిన మనిషి, ఆ చెప్పినదాన్ని కాళ్లతో నడిచి చూపించాడు. నేను నలభై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను.

1985 వేసవి గురించి రాయాలి.

అమ్మ మా సంఘంలో బైబిలు స్త్రీ. భద్రాచలానికి నాలుగు మైళ్లలో, గోదావరిలో కలిసే ఒక వాగు ఒడ్డున చిన్న కోయ గుంపు ఉండేది. పదిహేను ఇళ్లు. వారానికోసారి అమ్మ అక్కడికి నడిచి వెళ్లేది. నేను క్యాంపు నుంచి కార్డుతో వచ్చిన మూడో రోజు, అమ్మ నన్ను కూర్చోబెట్టి అడిగింది. ఆ గుంపులో ఒక తల్లి తన పిల్లాడికి అక్షరాలు, లెక్కలు నేర్పించమంటోందట. తునికాకు కాలం అది. తెల్లారకముందే అడవికి వెళ్లి ఆకు కోసుకొచ్చి, మధ్యాహ్నం దాకా కట్టలు కట్టి, సాయంత్రం కల్లంలో అప్పగించాలి. కల్లేదారు ఎన్ని కట్టలని రాసుకుంటున్నాడో, చీటీ మీద ఏ అంకె వేస్తున్నాడో ఆ తల్లికి తెలియదు. "మావోడు చదివితే మా కట్టలు మాకు దక్కుతాయ్" అందట. "సెలవుల్లో సాయంత్రం ఒక గంట, నీకు ఈత కొట్టినంత సేపు" అంది అమ్మ.

వెళ్లాను. బుడ్డి దీపం కింద పలక. పిల్లాడికి తొమ్మిదో పదో ఏళ్లు. వేళ్ల చివర్లు ఆకు పసరుకు నల్లబడి ఉన్నాయి. కట్టకు యాభై ఆకులు కాబట్టి యాభై దాకా నీళ్లు తాగినట్టు లెక్కపెట్టేవాడు. యాభై ఒకటి అడిగితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. వాడి లోకంలో యాభై తర్వాత కొత్త కట్టే. నాలుగు సాయంత్రాల్లో ఏడు అక్షరాలు గుర్తుపట్టాడు. అంత చురుకైన పిల్లాణ్ణి, ముప్పై ఏళ్లకు పైబడిన నా పంతులు ఉద్యోగంలో ఎక్కువమందిని చూడలేదు. సోమవారం వస్తానని చెప్పి వచ్చాను.

ఆ సోమవారం నుంచి కొత్తగూడెం కన్వెన్షన్ కోసం మా యూత్ పాటల అభ్యాసం మొదలైంది. అందులో ఒక పాట యౌవనబలాన్ని యేసు పాదాల దగ్గర పెట్టడం గురించి. ఆ పాట పాడటం కోసం ఆ పిల్లాడి దగ్గరికి వెళ్లడం మానేశాను. ఇది నలభై ఏళ్ల తర్వాత తెలివొచ్చి కనిపెట్టింది కాదు. ఆ రోజే తెలుసు. అమ్మ రెండు వారాలు గుర్తుచేసింది. "పొద్దుగూకే వేళకు పలక పట్టుకుని దారి మొదట్లో కూర్చుంటున్నాడట నాయనా" అంది. ప్రభువు పని కదమ్మా అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. తర్వాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు.

ఎందుకు మానేశానన్నది ఇంకాస్త తవ్వితే అభ్యాసం ఒక్కటే కారణం కాదు. ఆ గుంపుకు వెళ్లడం నాకు చిన్నతనంగా ఉండేది. మా తాత ఏ వీధుల్లో చెప్పులు చేతపట్టుకుని నడిచాడో మా ఇంట్లో అందరికీ తెలుసు. మిషన్ బడి, గుడి మమ్మల్ని పైకి లేపాయి. చొక్కా మడత నలగని స్థితికి వచ్చాక, మా వెనక ఉన్నవాళ్ల వైపు తిరిగి చూడటం కష్టమైంది. గుడిలో కోయ విశ్వాసులు వెనక వరుసలో కూర్చునేవారు. వాళ్లను అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ముందుకు రమ్మని కూడా ఎవరూ చెప్పలేదు. ముందు వరుసలో పాటల పుస్తకం పట్టుకుని నిలబడినవాణ్ణి నేను.

అలాగని మాకు వేరే మాదిరి లేదా అంటే, ఇరవై ఐదు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. దుమ్ముగూడెం. గోదావరి మీద పడవల రవాణా కోసం ఆర్థర్ కాటన్ తలపెట్టిన పథకంలో అక్కడ ఆనకట్ట పని జరుగుతున్న రోజుల్లో, హెయిగ్ అనే ఇంజనీరు చుట్టుపక్కల కోయ పల్లెలను చూసి నిద్రపట్టక, వాళ్ల కోసం ఎవరినైనా పంపమని మిషన్‌ను అడిగాడు. 1860ల తొలినాళ్ల సంగతి. ఆ పనికి ముందుకొచ్చినవాడు తెల్లదొర కాదు. ఆ పనుల దగ్గరే సర్కారు కొలువు చేస్తున్న వెంకటరామరాజు. కొలువు వదులుకుని వచ్చాడు. తర్వాత 1870లలో జాన్ కెయిన్ వచ్చి దశాబ్దాలు ఉండిపోయాడు. కోయవాళ్ల జీవితం గురించి ఆయన రాసినవి ఇప్పటికీ పరిశోధకులు తిరగేస్తారు. 19వ శతాబ్దం ముగిసేలోపే లూకా సువార్త కోయ మాటల్లోకి వచ్చింది. పడవల పథకాన్ని 1871లో సర్కారు వదిలేసింది. ఆ నాటి రాళ్లు, లాకుల ఆనవాళ్లు మిగిలాయి. బడి, గుడి నిలిచాయి.

సంఘ వార్షికోత్సవాల్లో ఆ పేర్లన్నీ నేనే చదివేవాణ్ణి. కానీ వాళ్లు నేర్చుకున్న భాషను, పుట్టినప్పటి నుంచి దాని పక్కనే బతికిన నేను నేర్చుకోలేదు. కోయలో నీళ్లను ఏర్ అంటారన్నది కూడా నడివయసు దాటాక తెలిసింది. మనం ఏరు అనే మాటే. అంత దగ్గర.

ఇంకో సంగతి ఉంది. మా గుడి గోడల లోపల దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ ఏళ్లలో ఈ అడవిలో యౌవనాన్ని అడిగింది మా క్యాంపు ఒక్కటే కాదు. 1980లో పీపుల్స్‌వార్ ఏర్పడ్డాక అన్నలు ఈ అడవుల్లో తిరిగారు. తునికాకు కట్టకు రేటు పెంచాలని కూలీలను కూడగట్టారు. ఇంటర్‌లో నా బెంచీ మీద కూర్చున్న ఒకడు ఒక రోజు కాలేజీకి రావడం మానేశాడు. కొన్నేళ్లకు వాడి శవాన్ని వాళ్ల నాన్న గుర్తుపట్టాడు. తుపాకీ దారిని అప్పుడూ ఇప్పుడూ నేను ఒప్పుకోను. చంపడంతో వచ్చే న్యాయాన్ని నా ప్రభువు నాకు నేర్పలేదు. కానీ ఆ పలక పిల్లాడి తల్లికి చీటీ మీద అంకె చదవడం రాకపోవడం వాడికి పట్టింది. నాకు పట్టలేదు. నా చేతిలో అప్పుడు పలక ఉంది, సాయంత్రాలున్నాయి, సువార్త ఉంది.

ఇక నా స్నేహితుడి సంగతి.

వాడిది మా వీధే. పడవలవాళ్ల ఇల్లు. 1965లో గోదావరి మీద వంతెన పడ్డాక వాళ్ల నాన్నకు బేరం తగ్గింది గానీ, లంకలకు, వాగులకు అడ్డంపడి వెళ్లేవాళ్ల కోసం పడవ తిరుగుతూనే ఉండేది. వాడూ నేనూ కలిసి ఈత నేర్చుకున్నాం, కలిసి కన్ఫర్మేషన్ తీసుకున్నాం. యూత్‌లో డోలక్ వాడిదే. వాడి చెయ్యి పడితే గుడిలో ముసలివాళ్లు కూడా చప్పట్లు కలిపేవారు. 1986 వేసవిలో బంధువుల పెళ్లిలో వాడు తాగాడు. ఎవరో చూశారు. నేను అప్పుడు యూత్ కార్యదర్శిని. కమిటీలో లేచి, యౌవనస్థుడు మాటలోనూ నడతలోనూ మాదిరిగా ఉండాలని పౌలు తిమోతికి రాసిన భాగం చదివాను. ఆరు నెలలు డోలక్ ముట్టకూడదని తీర్మానం. వాడు తల వంచుకుని విన్నాడు. తప్పేనన్నాడు. ఆ తర్వాత ఆదివారం రాలేదు. మళ్లీ రాలేదు. వాడి ఇంటికి వెళ్లి పిలిచే పని నాది. నేను వెళ్లలేదు.

అదే ఆగస్టులో గోదావరి వచ్చింది. 1986 ఆగస్టు 16, శనివారం, భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగుల దగ్గర. ఇప్పుడున్న కరకట్ట అప్పటికి లేదు. మా వీధి గడపలు ముందు రాత్రే మునిగాయి. మేమంతా ఎత్తున్న ఒక మేడ మీదికి చేరాం. సంఘస్థులు పాతిక మంది దాకా ఉన్నాం. ప్రార్థన పెట్టాను.

మధ్యాహ్నం మూడు గంటల వేళ వాడు పడవతో వచ్చాడు. మెట్ల కమ్మీకి తాడు కట్టి, తడి బట్టలతో పైకెక్కాడు. నన్నే చూశాడు. "వాగు ఎగదన్నింది. గుంపోళ్లు చెట్లెక్కి ఉన్నారంట. గడ వెయ్యడానికి ఇంకొకడు కావాల్రా" అన్నాడు.

నాకు ఈత వచ్చు. వాగు మలుపులు తెలుసు. ఆ గుంపులో ఏ ఇల్లు ఎక్కడుందో తెలుసు. పందొమ్మిదేళ్లు.

"ప్రార్థనలో ఉన్నాం. అయ్యాక వస్తా" అన్నాను.

వాడు కొద్దిసేపు నిలబడ్డాడు. మా పక్కింటి పదో తరగతి పిల్లాడు లేచి వాడి వెనక వెళ్లాడు. అమ్మ నా వైపు చూసింది. కళ్లు మూసుకున్నాను. ఆ ప్రార్థన నడిపిస్తున్నది నేనే. ఆమెన్ అనాల్సిన చోట అనకుండా ఇంకో అంశం ఎత్తుకున్నాను, తర్వాత ఇంకోటి. దాన్ని నేనే పొడిగించాను. కళ్లు తెరిచేసరికి కమ్మీకి తాడు లేదు.

భయపడటం పాపమని నేను అనుకోను. ఆ నీళ్లను చూసి భయపడనివాడు గోదావరి తెలియనివాడు. నా పాపం ఆ భయానికి ప్రార్థన అని పేరు పెట్టడం. దేవుడితో మాట్లాడుతున్నట్టు నటిస్తూ, వాడి పిలుపు చెవిన పడకుండా అడ్డం పెట్టుకున్నాను. ఆ తర్వాత కొన్నేళ్ల పాటు ఒంటరిగా మోకరించినప్పుడల్లా నా గొంతు నాకే పరాయిగా వినిపించేది.

వాడూ ఆ పదో తరగతి పిల్లాడూ చీకటి పడేవేళకు రెండు విడతల్లో పదకొండు మందిని తీసుకొచ్చారు. అందులో ఆ తల్లి ఉంది. పలక పిల్లాడు ఉన్నాడు. నీళ్లు తీశాక సంఘంలో కృతజ్ఞతా కూడిక జరిగితే, ప్రభువు మమ్మల్ని మేడ మీద ఎలా కాపాడాడో నేను సాక్ష్యం చెప్పాను. పడవ మాట ఎత్తలేదు.

తలాంతుల ఉపమానంలో మూడో దాసుడి గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. సోమరి అంటారు. నాకు మాత్రం ఆ మనిషి ముఖం బాగా తెలిసినట్టుంటుంది. అతను తాగలేదు, తిరగలేదు, యజమాని సొమ్ములో ఒక్క కాసు పోగొట్టలేదు. గుంట తవ్వి, పదిలంగా దాచి, మట్టి దులిపి తిరిగి అప్పజెప్పాడు. నా కార్డు మీద ఒక్క మరక లేదు. బియ్యం దాస్తే పురుగు పడుతుందని ఇంట్లో వంట చేసే ప్రతి మనిషికీ తెలుసు. వయసు సంగతి అంతకన్నా అన్యాయం. దాచిపెట్టినా అది తరిగిపోతూనే ఉంటుంది.

నిష్ఠ అక్కర్లేదని నేను అనడం లేదు. మా ఊరి మీదుగా ఒడిశా సరిహద్దు నుంచి గంజాయి వెళ్తోంది. నా దగ్గర చదువుకున్న పిల్లలే బైకు కోసం, ఫోను కోసం ఆ మూటలు మోసి జైలుకు వెళ్లడం చూశాను. తాగుడు ఎన్ని పందిళ్లను కూల్చిందో తెలుసు. పిల్లల్ని పట్టి ఉంచే కట్టడి కావాలి. కానీ కరకట్ట కట్టేది లోపల బతకడానికి. లోపల ఏం పండించాలో మా పెద్దలు మాకు చెప్పలేదు. తర్వాత పెద్దవాణ్ణయ్యాక నేనూ చెప్పలేదు. ఏవి చేయకూడదో జాబితా ఇచ్చి, అది పూర్తయితే యౌవనం ప్రభువుకు చెందినట్టే అన్నాం. ప్రసంగి పదకొండో అధ్యాయం చివర యౌవనస్థుణ్ణి సంతోషించమంటుంది. ఆ భాగం మీద మా కూడికల్లో ప్రసంగం జరిగినట్టు నాకు గుర్తు లేదు. నేను ఆదివారం నదికి దూరమయ్యాను. ఎవరికీ దగ్గర కాలేదు.

2021 నవంబరులో పోడు భూముల హక్కుల కోసం ఊళ్లలో దరఖాస్తులు తీసుకున్నారు. ఫారాలు నింపడానికి చదువొచ్చినవాళ్ల సాయం కావాలంటే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లాను. చెట్టు కింద బల్ల. వరుసలో నలభై ఐదేళ్లు దాటిన ఒక మనిషి వచ్చాడు. పేరు రాశాను, తండ్రి పేరు రాశాను. సంతకం అని చూపించాను. బొటనవేలు ముందుకు చాపాడు. సిరా దిమ్మె జరిపాను. వేలు అద్ది, కాగితం మీద పెట్టి, తలెత్తి నవ్వాడు.

"నువ్వు మాకు నాలుగు రోజులు చదువు చెప్పినవ్ సారూ" అన్నాడు.

ఎత్తిపొడుపు లేదు. ఒక మంచి సంగతి గుర్తుచేసినట్టు చెప్పాడు. ఆ ముద్ర గీతల మధ్య సిరా ఆరేదాకా దాన్నే చూస్తూ ఉన్నాను. ఆ తర్వాత రెండు మూడుసార్లు గుంపుకు వెళ్లాను. సాయంత్రం కూర్చుంటానని అడిగాను. "ఇప్పుడెందుకు సారూ నాకు. మా మనవరాలు ఆశ్రమ బడిలో సదువుతాంది" అన్నాడు. ఆ పిల్ల సెలవులకొస్తే కల్లంలో చీటీలు తనే చదువుతుందట. ఆ ఇంటికి అక్షరం చేరింది, నన్ను చుట్టి వేరే దారిన. సంతోషమే. కానీ ఆయన నా కోసం దారి మొదట్లో కూర్చున్న ఆ సాయంత్రాలను ఇప్పుడు నేను ఎవరికి తిరిగివ్వను? బడిలో ఎంతోమందికి చదువు చెప్పాను కదా అని ఇంట్లోవాళ్లు అంటారు. అది జీతానికి చేసింది. మనసు పెట్టే చేశాను గానీ, ఎసట్లో పోశాక వడ్డించినది అది.

2022 జులై 16న గోదావరి మళ్లీ 71.3 అడుగులకు వచ్చింది. అదీ శనివారమే. ఈసారి నాకు యాభై ఐదు. అంతటి వరద 1986 తర్వాత రాలేదు. నేను ఈసారి కూర్చోకూడదనుకున్నాను. పునరావాస కేంద్రంలో బియ్యం బస్తా ఎత్తబోతే నడుము పట్టేసింది. యూత్ పిల్లలు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పేర్లు రాసే పని ఇచ్చారు. మనసు నిండా ఉంది, చేతుల్లో బలం లేదు. ఆ రాత్రి ప్రసంగి పన్నెండో అధ్యాయం చదివాను. మొదటి వచనం యౌవన కూడికల ఫ్లెక్సీల మీద ఎప్పుడూ ఉండేదే. అక్కడితో ఆపేస్తాం. ఆ తర్వాత వచ్చేదంతా ముసలితనం, పాడుబడిన ఇంటిని వర్ణించినట్టు, ఒక్కో అవయవం ఎలా చేతకాకుండా పోతుందో వరుసగా చెప్పడం. ఆ వచనాల కోసమే మొదటి వచనం రాశాడని నాకు కుర్చీలో కూర్చున్న ఆ రాత్రి తెలిసింది. కుర్చీకి ఎదురుగా ఈ యూత్ సెక్రటరీ పిల్ల, అప్పటికి ఇంటర్ దాటిందో లేదో, మోకాళ్ల దాకా బురదతో, ఎవరో ముసలామెను వీపున మోసుకొచ్చి చాప మీద దించింది. ఆమె ఏ కులమో, ఏ మతమో అడగలేదు. నీళ్లు తాగించి మళ్లీ బయటికి వెళ్లింది. ఆ పిల్ల నన్ను పిలిచి యౌవనం గురించి చెప్పమంటోంది.

అందుకే పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక వంతెన దాటి సారపాక వెళ్లాను. నా డోలక్ స్నేహితుడు అక్కడ కూతురి దగ్గర ఉంటున్నాడు. ఎప్పుడైనా సంతలో కనబడితే పలకరించుకోవడమే గానీ, ఇంటికి వెళ్లడం ఇదే మొదలు. మంచం వాల్చాడు. మోకాళ్లు నొప్పులట, పడవ మానేసి పదేళ్లయిందట. ఆ కమిటీ రోజు సంగతి ఎత్తాను. నన్ను క్షమించరా అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. "నేను తాగింది నిజమే గదా" అన్నాడు. "నువ్వు రాకపోతివి, అదే బాధేసింది. ఒక్కసారి వచ్చి రమ్మంటే వద్దును."

తర్వాత వాడే వరద గురించి మొదలుపెట్టాడు. చెట్ల మీద మనుషులు, పడవలోకి దూకడానికి భయపడిన మేక, చీకట్లో వాగు మలుపు తప్పబోయిన చోటు. చెబుతూ చెబుతూ వాడి ముఖం వెలిగింది. నా చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పాడు.

"ఆ రోజు మనిద్దరం ఎంత గడేశాంరా. నీ చేతులు బొబ్బలెక్కినయ్, గుర్తుందా?"

నా చెయ్యి వాడి చేతిలో ఉంది. వాడి జ్ఞాపకంలో నేను పడవలో ఉన్నాను. ముప్పై తొమ్మిదేళ్లుగా ఉన్నాను. ఆ చోటు వాడు నాకు ఉంచాడు. నోరు మూసుకుంటే అక్కడే ఉండిపోవచ్చు. ఇంకెవరూ వచ్చి కాదని చెప్పేది లేదు. అమ్మ లేదు. కొన్ని క్షణాలు ఉండిపోయాను కూడా.

"నేను రాలేదురా" అన్నాను. "ప్రార్థన అయ్యాక వస్తానన్నాను. రాలేదు. నీతో వచ్చింది మా పక్కింటి పిల్లాడు, పదో తరగతి."

వాడు నా ముఖంలోకి చూశాడు. తర్వాత నది ఉన్న వైపు చూశాడు. పెదవులు కదిలించుకుంటూ ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు కాసేపు ఉన్నాడు.

"అవును. వాడే" అన్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. లోపలికి తిరిగి, ఇంకో చాయ్ పెట్టమ్మా అని కూతురికి కేకేశాడు.